గేటు అవతలి కుటుంబ కార్డు

"ఆ టీ చల్లారిపోయింది. వేరేది పెట్టమంటారేమో అడగండి," అంది నా భార్య తుతిక్ వంటింట్లోంచి.

అడగవలసిన మనిషి నాకు మూడడుగుల దూరంలోనే ఉంది. మా అక్క పార్తి. ముందుగదిలో, చుట్టాలకు వేసే చెక్క కుర్చీలో, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వచ్చి గంటయింది. గ్లాసు మీద మూత తీయలేదు.

అక్క మా ఇంటికి ఎప్పుడూ వెనక తలుపునుంచే వస్తుంది. తన టీ తనే పెట్టుకుంటుంది. చక్కెర డబ్బా ఖాళీగా ఉంటే నా భార్యను తిడుతుంది. ఇరవై ఏళ్ళుగా అంతే. ఇవాళ ముందు తలుపు కొట్టింది. చెప్పులు గుమ్మం బయట జంటగా విడిచింది. పరాయి ఇంట్లో 'తాగండి' అనేదాకా గ్లాసు ముట్టుకోకూడదు. అక్క ఆ మర్యాద పాటిస్తోంది. తుతిక్ ఆ మాట అనడం లేదు.

నేను అనవచ్చు. అంటే, అక్కను చుట్టంగా ఒప్పుకున్నట్టే అవుతుంది.

"తమ్ముడూ, ఆ కాగితం ఇంకోసారి చదువు," అంది అక్క.

చదివాను. అది మూడోసారి. 'వెనింగ్ అనే బాలిక నా ఇంట నివసిస్తున్నదని నేను గతంలో ఇచ్చిన వాంగ్మూలం వాస్తవం కాదు. ఆ బాలిక మొదటినుంచీ తన తల్లిదండ్రుల ఇంటనే ఉన్నది.' కింద స్టాంపు. స్టాంపు పక్కన సంతకానికి ఖాళీ.

"వాస్తవం కాదు. అంటే అబద్ధమనే కదా?"

"అది ఆఫీసు భాష అక్కా."

"అబద్ధాన్ని వాళ్ళు ఏ భాషలో రాస్తారు మరి?"

బయట ఎండలో ఆరేసిన ఉల్లి కట్టలను తిరగేయాల్సిన వేళయింది. లేచి వెళ్ళిపోవాలనిపించింది. వెళ్ళలేదు.

పద్నాలుగు నెలల కిందట నా కూతురు వెనింగ్ పేరును మా కుటుంబ కార్డులోంచి తీయించి అక్క కార్డులో రాయించింది నేనే. అప్పుడు అది మంచి లెక్క. పాత హైస్కూలు మా ఇంటికి పద్నాలుగు వందల మీటర్లు. రైలు గేటు అవతల ఉన్న అక్క ఇంటికి నాలుగు వందలు. ఆ బడి గంట కొడితే అక్క వంటింట్లో గిన్నెల మధ్య వినబడుతుంది. దగ్గరున్న పిల్లలకే ముందు సీటు. అంతకు ముందు సంవత్సరం తొమ్మిది వందల మీటర్ల దగ్గర సీట్లు అయిపోయాయి. కార్డు రాసి ఏడాది నిండితేనే చెల్లుతుంది. నేను రెండు నెలలు ముందే రాయించాను.

నేను ఉల్లి వ్యాపారిని. సరుకు కొనేటప్పుడే తరుగు తీసి కొంటాను. వంద కిలోల పచ్చి ఉల్లి నెల తిరిగేసరికి ఎనభై అవుతుంది. ఆ సంగతి ముందే తెలిసినవాడు ఏడవడు. గాలికి, వానకు, ఎలుకకు, తూకానికి, అన్నింటికీ తరుగు వేశాను. హద్దే కదులుతుందని వేసుకోలేదు.

మూడు వారాల కిందట జిల్లా ఆఫీసువాళ్ళు కొత్త హద్దు చెప్పారు. రైలు పట్టాలే హద్దు. పట్టాలకు అవతలి పిల్లలంతా పొలాల్లో కట్టిన కొత్త హైస్కూలుకు. ఇవతలివాళ్ళు పాత బడికి. అవతలివాళ్ళు పోవడంతో ఇవతల సీట్లు పదహారు వందల మీటర్ల దాకా వస్తాయట. మా ఇల్లు హద్దు లోపలికి వచ్చింది. బడి గంట వినబడే అక్క ఇల్లు బయటికి పోయింది. నా కూతురు, కాగితం మీద, అక్క ఇంటి పిల్ల.

పేరు ఇప్పుడు వెనక్కి రాయిస్తే కార్డుకు ఏడాది నిండదు. మిగిలింది ఒక్క దారి. పిల్ల ఎప్పుడూ ఇక్కడే ఉందని మా వీధి పెద్ద, పాక్ దర్మాంతో అనే ఆయన, ఉత్తరం ఇవ్వాలి. ఆయన ఇవ్వాలంటే అక్క ఈ కాగితం మీద సంతకం పెట్టాలి. బడిలో పేర్లు నమోదు చేసేది వచ్చే బుధవారం.

తుతిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఒక్క సంతకం వదినా."

"నిరుడూ ఒక్కటే అన్నావు."

"నిరుడు హద్దు వేరు."

"హద్దుతోపాటు నేనూ కదలాలా? గురువారం, శుక్రవారం, శనివారం. వారానికి మూడు రాత్రులు నా ఇంట్లో పడుకున్నది ఎవరు? పిల్లా, కాగితమా?"

అదీ నా లెక్కే. తనిఖీకి ఎవరైనా వస్తే ఇరుగుపొరుగువాళ్ళు 'అవును, ఆ పిల్లను చూస్తుంటాం' అనాలి కదా. అందుకని మూడు రాత్రులు పంపాను. నిద్రపోయి వస్తుందనుకున్నాను. అక్క బల్ల కొంది. కిటికీకి తెర కుట్టింది. దోమతెర నీలంది కావాలంటే బజారంతా తిరిగిందట.

"తనిఖీ కోసం పంపాం వదినా. మీకు పిల్లను ఇచ్చేసినట్టు మాట్లాడతారేం?"

అక్క పెళ్ళయి ముప్పై ఏళ్ళు. బావ పోయి ఆరేళ్ళు. పిల్లల్లేరు. మా ఇంట్లో ఆ ఊసు ఎవరూ ఎప్పుడూ ఎత్తలేదు. తనేమందో తనకూ తెలిసిపోయిందని తుతిక్ మొహంలో కనబడింది. కానీ అన్నది వెనక్కి తీసుకోలేదు. అలిసిపోయిన మనిషికి అన్న మాట వెనక్కి తీసుకోవడానికి కూడా ఓపిక ఉండాలి.

అక్క ఒళ్ళో సంచి తాడును వేలికి చుట్టింది, విప్పింది.

"మీ వీధి పెద్ద ఇంట్లో నాలుగింటికి మీటింగన్నావుగా," అంది చివరికి. "పద. ఆయన నోటినుంచే వింటాను."

లేచింది. గ్లాసు మూత మీద ఒక చీమ తిరుగుతోంది.

*

పాక్ దర్మాంతో రైల్వేలో టికెట్లిచ్చి రిటైరైన మనిషి. మా దగ్గర మర్యాదకు మగవాళ్ళను పాక్ అని, ఆడవాళ్ళను బూ అని పిలుస్తారు. వరండాలో చాపలు పరిచారు. ఉడికించిన వేరుశనక్కాయలు మధ్యలో గుట్టగా పోశారు. ముప్పై మందిదాకా వచ్చారు. అక్క వెనక స్తంభం పక్కన కూర్చుంది.

"కొత్త హద్దుకు మద్దతుగా మన వీధి ఇస్తున్న కాగితం ఇది," అన్నాడాయన అద్దాలు సర్దుకుంటూ. "మొత్తం నలభై రెండు ఇళ్ళు. నలభై ఒకటి సంతకం పెట్టాయి. అవతలివాళ్ళు నిన్న జిల్లా ఆఫీసు ముందు బ్యానరు కట్టారు. 'గంట మాకు, బడి వాళ్ళకా?' అని. వాళ్ళు అంత గట్టిగా అరుస్తుంటే మనం ఒక్క ఇల్లు తక్కువగా వెళ్తే బాగుండదు."

ఎవరూ నావైపు చూడలేదు. చూడనక్కర్లేదు. ఆ ఒక్క ఇల్లు నాదే. కావాలనే ఆపాను. చేతిలో ఏమీ లేకుండా బేరానికి కూర్చోను.

"వాళ్ళు అరవడంలో తప్పేముంది?" అన్నాడు మాంసం ఉండల సూపు అమ్మే పాక్ తుకిరాన్. "కొత్త బడికి మూడు కిలోమీటర్లు. వానొస్తే క్లాసులో మడమల దాకా నీళ్ళు. ఫిజిక్సుకు మాస్టరు లేడట. వ్యాయామం మాస్టరే చెబుతున్నాడట."

"మీవాడు ఇవతలే కదా, మీకెందుకు?" అంది బూ నార్తి. మా ఇంటికి ఎదురిల్లు. కుట్టుమిషను పని. ఆవిడ కొడుకు గిలంగ్, వెనింగ్ ఒకే తరగతి.

"మా పెద్దాడు పాత బడిలోనే చదివాడమ్మా. ఇప్పుడు నాతో బండి తోస్తున్నాడు. ఆ బండికి పాత బడేదో కొత్త బడేదో ఇంకా తెలిసినట్టు లేదు."

నవ్వారు. వేరుశనక్కాయల గుట్ట కాస్త తగ్గింది.

"మంచి పిల్లలు వెళ్తే ఏ బడైనా బాగుపడుతుందని జిల్లావాళ్ళు అంటున్నారు," అన్నాడు పాక్ దర్మాంతో.

"ఐతే ముందు వాళ్ళ పిల్లల్ని పంపమనండి," అన్నాడు పాక్ తుకిరాన్.

"అదీ నిజమే."

నేనూ ఊరుకోలేకపోయాను. "బడి బాగుపడేదాకా ఆగితే పిల్లలకు పెళ్ళిళ్ళయిపోతాయి. నా కూతురు విత్తనపు గడ్డ కాదు, మట్టిలో పెట్టి మొలుస్తుందో లేదో చూద్దామనడానికి."

"విత్తనానికి నువ్వు తీసిపెట్టేది మంచి గడ్డల్నే కదరా తమ్ముడూ," అంది అక్క స్తంభం పక్కనుంచి. "పుచ్చువేగా బజారుకు తోలేది."

ఈసారి నవ్వు గట్టిగా వచ్చింది. నేనూ నవ్వాను. నా దగ్గర ఉల్లి కొనేవాళ్ళు అక్కడే సగం మంది ఉన్నారు.

బూ నార్తి మాత్రం నవ్వలేదు. వెనక్కి తిరిగి చూసింది. "ఈవిడ గేటు అవతలివారు కదూ? మన మీటింగులో ఏం పని?"

"ఆవిడతో పనుంది," అన్నాడు పాక్ దర్మాంతో. గొంతు తగ్గించి చెప్పాలనుకున్నాడు. ముప్పై మంది మధ్య గొంతు తగ్గితే అందరూ వినడం మొదలుపెడతారు. "ఇదుగో, మన పాక్ వగిమాన్ కూతురి ఉత్తరం సంగతి. ఆ పిల్ల పేరు అవతల ఉంది. మనిషి ఇవతల ఉంది. అది సరిచెయ్యాలి."

"ఎలా సరిచేస్తారు?"

"పిల్ల మొదటినుంచీ ఇక్కడే ఉందని నేను రాస్తాను. నిరుడు ఇచ్చిన మాట నిజం కాదని ఆవిడ రాస్తుంది. సోమవారం జిల్లానుంచి మనిషొచ్చి పిల్లనే స్వయంగా అడిగి సంతకం తీసుకుంటాడు. అంతే."

"అంతే," అంది బూ నార్తి. చేతిలో ఉన్న కాయలు చాప మీద పెట్టేసింది. "మా ఇల్లు ఎన్ని మీటర్లో తెలుసా మీకు? పదిహేను వందల ఎనభై. ఎదురిల్లే అయినా మాది సందు చుట్టి వెళ్ళాలని అంత రాశారు. సీట్లు పదహారు వందల దగ్గర ఆగుతాయి. మావాడు ఆఖరి మెట్టు మీద నిలబడ్డాడు. ఈ వీధినుంచి అవతలి కార్డుల్లోకి వెళ్ళినవాళ్ళు ఏడుగురు. ఏడుగురూ వెనక్కొస్తే ఏడు మెట్లు దిగుతాడు."

"అడిగింది ఒక్కరే బూ నార్తీ."

"ఇవాళ ఒక్కరు. ఉత్తరం వచ్చిందని తెలిస్తే రేపు మిగతా ఆరుగురు." నావైపు తిరిగింది. "మాకు గేటు అవతల అక్కచెల్లెళ్ళు లేరు లెండి పాక్. ఉంటే మేమూ పంపేవాళ్ళం. లేరు కాబట్టి ఉన్నచోటే ఉన్నాం. ఉన్నచోట ఉన్నందుకు, ఒక్కసారికి, హద్దు మా దగ్గరికొచ్చింది."

ఆవిడ చెప్పిన లెక్క నాకు కొత్త కాదు. ఆ పదిహేను వందల ఎనభై నేను పది రోజుల కిందటే ఫోనులో కొలిచి చూశాను. గిలంగ్ ఎన్నో మెట్టు మీద ఉన్నాడో, ఆవిడకన్నా ముందే నాకు తెలుసు. తెలిసే ఉత్తరం అడిగాను. ఒక బస్తా బండెక్కాలంటే ఇంకో బస్తా దిగాలి. బండి నడిపేవాడికి అది తెలియకుండా ఉండదు.

పాక్ దర్మాంతో కాగితాన్ని అక్క ముందు పెట్టి, పైన పెన్ను ఉంచాడు.

"నేను అడగాలి కాబట్టి అడుగుతున్నాను అమ్మా. పిల్ల మీ దగ్గర ఉండేదా, లేదా?"

అక్క ఆ కాగితం వైపు చూడలేదు. నన్ను చూసింది. 'నువ్వు చెప్పు, ఉండేదని. మూడు రాత్రులు ఉండేదని చెప్పు. ఆ తరువాత ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను' అన్నట్టే చూసింది. అలా అన్నదని ప్రమాణం చెయ్యలేను. నేను చాప మీద తొక్కల వైపు చూస్తున్నాను.

"లేదు," అంది అక్క. "ఆ పిల్ల నా దగ్గర లేదు."

సంతకం పెట్టింది. నెమ్మదిగా, ప్రతి అక్షరం విడిగా. బావ పోయాక ఇంటి కార్డు తన పేరుకు మారినప్పుడు నేర్చుకున్న సంతకం అది.

తరువాత నేను మద్దతు కాగితం మీద నలభై రెండో సంతకం పెట్టాను. పాక్ దర్మాంతో ఉత్తరం మీద ముద్ర వేసి నాకిచ్చాడు. బేరం తెగింది. బేరం తెగినప్పుడు ఇద్దరిలో ఒకరి మొహంలోనైనా తృప్తి కనబడుతుంది. వెతికాను. బూ నార్తి అప్పటికే వెళ్ళిపోయింది.

*

"ఎక్కు అక్కా, గేటు దగ్గర దింపుతాను," అన్నాను మోటారు సైకిలు తీసి.

"నడుస్తాను."

కొంత దూరం బండి నెట్టుకుంటూ పక్కన నడిచాను. అక్క ముందు చూస్తూనే మాట్లాడింది.

"రేపు బండి మాట్లాడుకుని రా. బల్ల పట్టుకుపో. దోమతెర, ఆ పుస్తకాల అర కూడా. లేదని రాసిచ్చిన పిల్లకు నా ఇంట్లో సామానెందుకు? రేపెవరైనా తనిఖీకి వస్తే నేనే ఇరుక్కుంటాను."

"అంత అక్కర్లేదక్కా. కాగితం కాగితమే."

"నువ్వు నిరుడూ అదే అన్నావు."

అక్కడితో ఆగిపోయాను. అక్క ఆగలేదు.

ఇంటికి వచ్చేసరికి తుతిక్ ముందుగదిలో కూర్చుని ఉంది. ఉత్తరం చూపించాను. రెండుసార్లు చదివింది. సంతోషపడుతుందనుకున్నాను. "అయిందన్నమాట," అంది. "ఆవిడ ఏమైనా అందా?"

"బల్ల తీసుకుపొమ్మంది."

గ్లాసు అక్కడే ఉంది. ఇద్దరం దాన్ని తీయలేదు.

అయిదున్నరకు వెనింగ్ సైకిలు గోడకు ఆనించిన చప్పుడయింది. ట్యూషన్ నుంచి నేరుగా వచ్చింది. లోపలికి వస్తూనే ఆగింది. కుర్చీని చూసింది, ఎప్పుడూ అక్క తాగే గ్లాసును చూసింది, మూత ఎత్తింది. గ్లాసు నిండా టీ.

"బూదె వచ్చిందా?"

బూదె అంటే పెద్దమ్మ. తల్లి అక్కయినా, తండ్రి అక్కయినా మా పిల్లలు అలాగే పిలుస్తారు.

"వచ్చి వెళ్ళింది," అన్నాను.

"ఇక్కడ కూర్చుందా? ఈ కుర్చీలోనా?"

తుతిక్ మొహం తిప్పుకుంది. నేను ఉత్తరం సంగతి చెప్పాను. తూకం చెప్పినట్టు చెప్పాను, తక్కువా ఎక్కువా లేకుండా. అక్క పెట్టిన సంతకం, సోమవారం రాబోయే మనిషి, బుధవారం నమోదు. పిల్ల నిలబడే విన్నది.

"ఐతే బూదె అబద్ధం చెప్పిందని రాసి ఉందన్నమాట."

"ఆఫీసు భాషమ్మా అది."

"ఆ మనిషి సోమవారం నన్ను అడుగుతాడా?"

"అడుగుతాడు. ఇక్కడే ఉంటున్నానని చెప్పు. అది అబద్ధం కాదుగా. నాలుగు రోజులు ఇక్కడేగా ఉంటున్నావు."

"మిగతా మూడు?"

పిల్ల గ్లాసు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. టీ పారబోసిన చప్పుడు, గ్లాసు కడిగిన చప్పుడు వినిపించాయి. తరువాత తన గదిలోకి వెళ్ళి సంచితో వచ్చింది. స్కూలు బట్టలు మడిచి పైన పెట్టింది.

"ఎక్కడికే?" అంది తుతిక్.

"ఇవాళ గురువారం."

"ఇంక గురువారాలు లేవు. కాగితం అయిపోయింది."

"కాగితంలో నేను ఎప్పుడూ వెళ్ళనే లేదని ఉంది కదమ్మా. వెళ్ళనిదాన్ని ఇవాళ మానెయ్యమంటావేం?"

తుతిక్ నావైపు చూసింది. ఏదైనా అనమని. ఇరవై మంది రైతులతో ఒకేసారి బేరమాడగలను. ఈ పదిహేనేళ్ళ పిల్లకు ఏ మాట ఎంతకివ్వాలో తెలియలేదు.

"నీకు ఆ బడి వద్దా?" అన్నాను.

"కావాలి నాన్నా. ఎందుకు వద్దు? అక్కడున్నప్పుడు ఆ గంటకే లేస్తాను. గంటకీ గంటకీ మధ్య ఎంతసేపో కూడా తెలుసు నాకు. ఆ బడి కావాలని అందరికన్నా ఎక్కువ అనుకున్నది నేనే. మీరెవరూ అడగలేదు, అంతే."

"ఇప్పుడు అడిగాను కదా."

"ఉత్తరం వచ్చాక."

సంచి భుజానికి తగిలించుకుంది. తుతిక్ లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఒక్క క్షణం. చెయ్యి ఎత్తి పిల్ల జుట్టు చెవి వెనక్కి సర్దింది. పక్కకు తప్పుకుంది. ఎందుకు తప్పుకుందో నేను అడగలేదు.

"వదినను..." అంది. మధ్యలో ఆగి, "చక్కెర తక్కువ వేసుకోమని చెప్పు. షుగరుందని డాక్టరు చెప్పాడుగా," అంది.

పిల్ల సైకిలు వీధిలోకి దింపింది. నేను వాకిటి దాకా వెళ్ళాను. ఉత్తరం చొక్కా జేబులోనే ఉంది.

ఎదురింట్లో బూ నార్తి మిషను ముందు కూర్చుని లేదు. వాకిట్లో నిలబడి ఉంది. పక్కన గిలంగ్. ఆవిడ చేతిలో ఫోను, వీడియో తీస్తున్నట్టు ఎత్తిపట్టి ఉంది. సంచిని చూసింది, మడిచిన స్కూలు బట్టలను చూసింది. తరువాత వీధంతా వినబడేలా, ఎంతో ముద్దుగా అడిగింది.

"ఎక్కడికి వెనింగ్, పొద్దుపోయే వేళకు?"

నా కూతురు ఒక కాలు నేల మీద ఆన్చి ఆగింది. నేను తల అడ్డంగా ఊపాను. నన్ను చూసింది. చూసిందని నాకు తెలుసు.

"ఇంటికి, బూ," అని చెప్పి, రైలు గేటువైపు తొక్కుకుంటూ వెళ్ళిపోయింది.